ప్రవేశం ఒక ధర, వినోదం మరో ధర

బిష్టుపూర్, సాక్చి ప్రాంతాల నడుమ విస్తరించి ఉన్న జూబిలీ పార్కుకు జంషెడ్‌పూర్ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. 1907లో స్థాపితమైన టాటా ఉక్కు కంపెనీ తన స్వర్ణోత్సవాలకు గుర్తుగా ఈ ఉద్యానాన్ని నిర్మించి పురప్రజలకు కానుకగా ఇచ్చింది. మైసూరు సమీపంలోని బృందావన ఉద్యానం స్ఫూర్తిగా రూపుదిద్దుకున్న ఈ పార్కును 1958 మార్చి 1న నాటి ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. కంపెనీ వ్యవస్థాపకుడు జంషెట్జీ టాటా జయంతి అయిన మార్చి 3 సందర్భంగా ఇక్కడ ఏటా జరిగే దీపాలంకరణను చూసేందుకు వేలాది కుటుంబాలు తరలి వస్తాయి. చెట్ల నీడన కూర్చున్నందుకు గానీ, దీపాలను చూసినందుకు గానీ ఎవరూ పైకం చెల్లించనక్కరలేదన్నది ఈ కానుక వెనుక ఉన్న భావన.

అదే ఆవరణలో 1994లో ప్రారంభమైన జంతు ప్రదర్శనశాలకు టిక్కెట్టు ఉంది. జయంతి సరోవరంలో పడవ ఎక్కాలంటే వేరే రుసుము ఉంది. నిక్కో సంస్థ భాగస్వామ్యంతో ఆ తర్వాత ఏర్పడిన యాంత్రిక క్రీడల పార్కు పూర్తిగా వాణిజ్య పద్ధతిలో వెలసినదే. దీన్ని తప్పు పట్టవలసిన పని లేదు. పులిని చూడదలచినవారు పులికి, పడవ ఎక్కదలచినవారు పడవకు చెల్లిస్తారు. రెండూ వద్దనుకున్నవారు పచ్చికలో కూర్చుని పిల్లలతో కాలక్షేపం చేసి ఇంటికి వెళ్తారు. దేనికెంతో ముందే తెలుసు, ఎంపిక సందర్శకునిదే.

దేశవ్యాప్తంగా వెలుస్తున్న పెద్ద వినోద పార్కులలో ఈ రెండు సుగుణాలూ క్రమేపీ మాయమవుతున్నాయి. ప్రవేశ రుసుము ఏటికేడు పెరగడం ఒక ఎత్తు కాగా, గేటు దాటిన తర్వాత ఒకదాని వెనుక ఒకటిగా ఎదురయ్యే అదనపు వసూళ్లు మరో ఎత్తు. ధర పెరగడం వ్యాపార ధర్మం కావచ్చు. చెప్పిన ధర ఒకటి, చెల్లించే ధర మరొకటి కావడం మాత్రం ధర్మం అనిపించుకోదు. వినియోగదారుల పక్షాన నిలదీయవలసినది ఈ రెండవ విషయాన్నే.

జాతర నుంచి పార్కు వరకు

వినోదానికి డబ్బు చెల్లించడం మన ప్రజలకు కొత్త కాదు. ఊరి జాతరలో రంగులరాట్నం ఎక్కిన పిల్లవాడు తిరిగిన చుట్టుకు చెల్లించేవాడు. హైదరాబాద్‌లో 1938లో ఉస్మానియా పట్టభద్రుల చొరవతో మొదలైన నుమాయిష్‌లో సైతం ప్రవేశానికి ఒక టిక్కెట్టు, లోపల ఎక్కే ప్రతి చక్రానికీ మరో టిక్కెట్టు. జేబులో ఉన్నంత వరకే ఖర్చు.

ఆధునిక వినోద పార్కు మన దేశంలో వేళ్లూనుకున్నది 1980ల తర్వాతే. 1982 ఏషియాడ్ చిహ్నమైన గున్న ఏనుగు పేరిట ఢిల్లీలో 1984 నవంబరులో అప్పూ ఘర్ ప్రారంభమైంది. 1989లో ముంబాయిలో ఎస్సెల్ వరల్డ్, 1991లో కలకత్తాలో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ భాగస్వామ్యంతో నిక్కో పార్కు వచ్చాయి. తెలుగునాట రామోజీ ఫిల్మ్ సిటీ 1996లోను, హైదరాబాద్ శివారు రావిర్యాలలో వండర్లా 2016లోను రంగ ప్రవేశం చేశాయి. లోపల ఎన్ని ఆటలాడినా ఒకే టిక్కెట్టు అనే పద్ధతి పెద్ద పార్కులలో క్రమంగా స్థిరపడింది. మధ్యతరగతి కుటుంబానికి అది వరంగానే కనిపించింది. పిల్లలు మరోసారి ఎక్కుతామని మారాం చేసినా తండ్రి చేయి జేబులోకి పోనక్కరలేదు.

ఈ రెండు పద్ధతుల మధ్య తేడాను ఆర్థికవేత్తలు ఏనాడో పరిశీలించారు. 1971లో వాల్టర్ ఓయి అనే అమెరికన్ ఆర్థికవేత్త డిస్నీలాండ్‌నే ఉదాహరణగా తీసుకుని ఒక ప్రసిద్ధ వ్యాసం రాశారు. గేటు వద్ద ఎక్కువ వసూలు చేసి ఆటలు ఉచితంగా ఇవ్వాలా, గేటు వద్ద తక్కువ తీసుకుని ఆట ఆటకూ రాబట్టాలా అన్నది యజమాని ముందున్న సమస్య. ఏదో ఒక చోట హెచ్చితే మరో చోట తగ్గాలన్నది సామాన్యుడు ఆశించే న్యాయం. నేటి పార్కులు ఆ సమస్యను సులువుగానే పరిష్కరించుకున్నాయి. గేటు వద్దా హెచ్చు, లోపలా హెచ్చు!

తడిసి మోపెడు

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక పార్కులో టిక్కెట్టు 1,000 రూపాయలనుకుంటే నలుగురున్న కుటుంబానికి 4,000 రూపాయలు అవుతుంది. పన్ను విడిగా వేసే చోట 18 శాతం చొప్పున 720 రూపాయలు కలుస్తుంది. కారు నిలిపినందుకు 100, సామాను భద్రపరచుకునే పెట్టెకు 200 రూపాయలు. నీటి ఆటలకు నూలు బట్టలు పనికిరావన్న నిబంధన ఉంది గనుక అద్దె దుస్తులకు తలా 150 చొప్పున 600 రూపాయలు. ఇంటి భోజనం లోపలికి అనుమతించరు గనుక తలా 300 చొప్పున 1,200 రూపాయలు. వెరసి 6,820 రూపాయలు. ఇవి ఊహించి వేసిన అంకెలే అయినా వరుస మాత్రం ఊహ కాదు. ఇటువంటి పార్కుకు వెళ్లి వచ్చిన ఏ కుటుంబానికైనా ఇది పరిచితమైన జాబితాయే. ప్రకటనలో కనిపించిన 4,000 రూపాయలకు నూటికి డెబ్బై వంతులు అదనంగా చేరి తడిసి మోపెడవుతోంది.

ఇందులో స్వేచ్ఛగా ఎంచుకున్న ఖర్చు ఎంత? నిబంధన పెట్టినవారు, ఆ నిబంధన పాటించడానికి అవసరమైన వస్తువును అమ్ముతున్నవారు ఒక్కరే. బయటి తిండి వద్దన్నదీ వారే, లోపల హోటలు నడిపేదీ వారే. సంచీతో ఆట ఎక్కరాదన్నదీ వారే, సంచీ దాచే పెట్టెను అద్దెకిచ్చేదీ వారే. ఊరికి దూరంగా పార్కు కట్టి, వాహనం లేనిదే చేరుకోలేని చోట వాహనం నిలిపినందుకు రుసుము తీసుకోవడం మరో విశేషం. సందర్శకునికి వేరే అంగడికి పోయే వీలు లేనప్పుడు దాన్ని ఐచ్ఛిక సేవ అనడం మాటల గారడీయే అవుతుంది.

యజమానుల వాదనలో వాస్తవం లేకపోలేదు. ఆటయంత్రాలు విదేశాల నుంచి తెప్పించాలి, వాటి మరమ్మతులకు, భీమాకు, విద్యుత్తుకు భారీగా వెచ్చించాలి. భద్రత విషయంలో పొదుపు పనికిరాదని 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో ఆటయంత్రం విరిగిపడి ఇద్దరు మరణించిన దుర్ఘటన హెచ్చరించింది. రాబడి వేసవి సెలవులు, పండుగలకే పరిమితం. 2020లో కరోనా కారణంగా గేట్లు నెలల తరబడి మూతపడ్డాయి. పన్నుల సంగతీ చిన్నది కాదు. 2017 జులైలో వస్తు సేవల పన్ను అమలులోకి వచ్చినప్పుడు వినోద పార్కుల ప్రవేశంపై 28 శాతం విధించారు. పరిశ్రమ మొర పెట్టుకోగా 2018 జనవరి 25 నుంచి దాన్ని 18 శాతానికి తగ్గించారు. స్థానిక సంస్థలకు వినోద పన్ను విధించే అధికారం ఇప్పటికీ ఉంది.

ఇవన్నీ టిక్కెట్టు ధర పెంచడానికి కారణాలు. ఆ ధరను ముక్కలు చేసి దాచడానికి మాత్రం ఇవి కారణాలు కావు. ఖర్చు పెరిగితే గేటు వద్దే ఆ మాట చెప్పవచ్చు. అంత ఇచ్చుకోలేని కుటుంబం అక్కడి నుంచే వెనుదిరుగుతుంది. పిల్లలను లోపలికి తీసుకువెళ్లిన తర్వాత వెనుదిరగడం ఏ తల్లిదండ్రులకూ సాధ్యం కాదని వ్యాపారికి తెలుసు.

అమ్మకానికి క్యూ

అదనపు వసూళ్లలోకెల్లా ఆలోచించవలసినది క్యూ తప్పించే టిక్కెట్టు. మామూలు టిక్కెట్టుపై మరికొంత చెల్లించినవారు వేరే దారిన పోయి ముందుగా ఆట ఎక్కుతారు. దీనికి అమెరికాలోని డిస్నీ పార్కుల చరిత్ర మంచి పాఠం. 1955 జులైలో ప్రారంభమైన డిస్నీలాండ్‌లో ప్రవేశం పెద్దలకు 1 డాలరు మాత్రమే, ఆటలకు విడిగా టిక్కెట్లు ఉండేవి. 1982లో వాటిని రద్దు చేసి అన్నిటికీ ఒకే టిక్కెట్టు పెట్టారు. 1999లో క్యూల బాధ తగ్గించేందుకు, ముందుగా సమయం కేటాయించుకుని ఆ వేళకు వచ్చి ఆట ఎక్కే సౌకర్యాన్ని టిక్కెట్టు కొన్న వారందరికీ ఉచితంగా కల్పించారు. 2021లో ఆ ఉచిత సౌకర్యానికి స్వస్తి చెప్పి, దాదాపు అదే సేవను కొత్త పేరుతో అమ్మకానికి పెట్టారు. ఫ్లోరిడా పార్కులలో మొదట దాని ధర రోజుకు 15 డాలర్లు. దీనివల్ల ప్రవేశ రుసుము తగ్గిందా అంటే లేదు. 2024 అక్టోబరు నాటికి కాలిఫోర్నియా డిస్నీలాండ్‌లో రద్దీ రోజున ఒక్కరోజు ప్రవేశమే 206 డాలర్లకు చేరింది. సంపన్నుల నుంచి అదనంగా రాబట్టి సామాన్యులకు చౌకగా ఇస్తామనే వాదన నిలవాలంటే ఎక్కడో ఒకచోట టిక్కెట్టు తగ్గి కనిపించాలి కదా!

భోజనశాలలో ఒకరికి అదనపు మిఠాయి అమ్మితే పక్కవాని విస్తరిలో ఏమీ తగ్గదు. క్యూ అటువంటిది కాదు. ఆటయంత్రంలో ఉన్న ఆసనాలు లెక్కకు ఉన్నవే. ఒకరు ముందుకు పోతే ఆ మేరకు మరొకరు వెనక్కు పోవలసిందే. అంటే పార్కు అమ్ముతున్నది తన సొత్తును కాదు, పూర్తి టిక్కెట్టు కొని ఎండలో నిలబడిన మరో సందర్శకుని సమయాన్ని. అంతకు మించిన చిక్కు మరొకటి ఉంది. మామూలు క్యూ ఎంత పొడవైతే ప్రత్యేక టిక్కెట్టుకు అంత గిరాకీ. క్యూ తగ్గించేందుకు మరో యంత్రం పెట్టడం, సిబ్బందిని పెంచడం, టిక్కెట్లకు పరిమితి విధించడం యజమాని బాధ్యతలు. అసౌకర్యమే ఆదాయ మార్గంగా మారిన తర్వాత ఆ బాధ్యతలపై శ్రద్ధ సన్నగిల్లక మానదు.

చట్టం ఏమంటోంది?

న్యాయస్థానాలు, ప్రభుత్వాలు ఈ దిశగా కొంత దూరం వచ్చాయి. సినిమా హాళ్లలోకి బయటి ఆహారాన్ని నిషేధించే హక్కు యజమానులకు ఉందని 2023 జనవరి 3న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే తీర్పులో పరిశుభ్రమైన తాగునీరు ఉచితంగా అందించాలని, పసిపిల్లలకు తగినంత ఆహారం తెచ్చుకోనివ్వాలని పేర్కొంది. అది సినిమా హాళ్ల గురించిన తీర్పే అయినా, రోజంతా ఎండలో తిరిగే పార్కుకు అందులోని మానవీయ సూత్రం మరింతగా వర్తించాలి. ఇక 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ వెలువరించిన మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత విక్రయ పోకడలను గుర్తించాయి. మొదట తక్కువ ధర చూపి చివరికి వచ్చేసరికి అసలు ధర బయటపెట్టడం, కొనుగోలుదారు అడగని సేవను బిల్లులో చేర్చడం వాటిలో ఉన్నాయి. ఈ మార్గదర్శకాలు కంప్యూటర్ ద్వారా, ఫోను ద్వారా జరిగే అమ్మకాలను దృష్టిలో ఉంచుకున్నవి. గేటు లోపల జరిగే వసూళ్లకు కూడా ఇదే కొలబద్దను వర్తింపజేయవలసి ఉంది.

చేయవలసినవి అసాధ్యమైనవేమీ కావు. పన్నుతో సహా మొత్తం ధరను, తప్పనిసరి ఖర్చుల జాబితాను గేటు వద్ద, ప్రకటనలలో స్థానిక భాషలో ప్రదర్శించాలి. నిబంధన కారణంగా అవసరమయ్యే పెట్టె, దుస్తులు వంటివి టిక్కెట్టులోనే కలిపివేయాలి. తాగునీరు ఉచితంగా ఉండాలి. క్యూ తప్పించే టిక్కెట్లకు రోజువారీ పరిమితి పెట్టి, మామూలు క్యూలో ఎంతసేపు నిలబడాలో టిక్కెట్టు కొనకముందే తెలియజేయాలి. ఆటలు మూతపడిన రోజున ఆ మేరకు సొమ్ము వాపసు ఇవ్వాలి. ప్రభుత్వ భూమిలో, లేదా ప్రభుత్వ రాయితీలతో నడిచే పార్కులకు వీటిని కౌలు షరతులుగానే విధించవచ్చు. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు నెలలో ఒక రోజు నామమాత్రపు రుసుముతో ప్రవేశం కల్పించడం కూడా ఆ షరతులలో చేరాలి.

ఈ మాటలు బిష్టుపూర్ వంటి చోట ఎందుకు గుర్తు చేసుకోవాలంటే, విశ్రాంతి అనేది శ్రామికుని హక్కు అన్న భావన దేశంలో ముందుగా ఆచరణకు వచ్చిన పట్టణాలలో ఇది ఒకటి. ఇక్కడి కర్మాగారంలో 1912లోనే ఎనిమిది గంటల పనిదినం అమలైంది. 1920లో జీతంతో కూడిన సెలవు వచ్చింది. కర్మాగారం కట్టకముందే, నీడనిచ్చే చెట్లకు, పచ్చిక మైదానాలకు, ఆటస్థలాలకు పుష్కలంగా చోటు విడిచిపెట్టాలని జంషెట్జీ టాటా తన కుమారుడు దొరాబ్జీకి 1902లో రాసిన లేఖలో కోరారు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వలస వచ్చి కొలిమి ముందు చెమటోడ్చిన తెలుగు కార్మికులూ ఈ పట్టణ నిర్మాణంలో భాగస్వాములే. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి నిదర్శనం. వారి మనుమలు, మనుమరాళ్లు నేడు సెలవులకు విశాఖకో, హైదరాబాద్‌కో పోయినప్పుడు పెద్ద పార్కుకు తీసుకువెళ్లమంటే ఇంటి పెద్ద ముందుగా నెల ఖర్చుల లెక్క చూసుకోవలసి వస్తోంది.

వినోద పార్కు ధర్మసత్రం కాదు, లాభం లేనిదే నడవదు. ఢిల్లీలోని అప్పూ ఘర్ 2008లో మూతపడింది, ముంబాయిలోని ఎస్సెల్ వరల్డ్ గేట్లు 2022లో మూతపడ్డాయి. పార్కులు నిలదొక్కుకోవడం ప్రజలకూ అవసరమే. అయితే పార్కుకు లాభం తెచ్చేది ఒక్కసారి వచ్చి మోసపోయామనుకునే సందర్శకుడు కాదు, ఏటా పిల్లలతో మళ్లీ వచ్చే కుటుంబం. కష్టపడి కూడబెట్టిన సొమ్ముతో వచ్చే ఆ కుటుంబానికి ఎంత ఖర్చవుతుందో గేటు బయటే నిజాయితీగా చెప్పడం, అంతే చెల్లించిన మరొకరితో సమానంగా క్యూలో నిలబడనివ్వడం వ్యాపారానికి భారం కాబోదు. యాజమాన్యాలు తమంతట తాము ఈ పని చేస్తే మంచిది. చేయని పక్షంలో రాష్ట్ర ప్రభుత్వాలు, వినియోగదారుల సంస్థలు చొరవ తీసుకుని చేయించవలసి ఉంటుంది.