అరవై నాలుగు అరవై ఐదు అవుతుందా?

స్టడీ అవర్లో ఎవరైనా అట్టముక్కలు కత్తిరిస్తూ కనిపిస్తే "చదువు మానేసి ఈ ఆటలేంట్రా" అనే కేక మన హాస్టళ్లలో మామూలే. ఆ కేక వేసే పెద్దల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లతో నాకు పేచీ. పదో తరగతి రేఖాగణితానికి ఆ అట్టముక్కల కంటే మంచి గైడు నాకింతవరకూ కనబడలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఒక పాత క్యాలెండరు అట్ట తీసుకోండి. 8 సెంటీమీటర్ల భుజంతో చదరం గీసి కత్తిరించండి. పై నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా కోయండి. పైన వచ్చిన 3×8 ముక్కను మూల నుంచి మూలకు కోస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. కింది 5×8 ముక్కలో ఎడమ వైపు నుంచి పై అంచున 3 దగ్గర, కింది అంచున 5 దగ్గర గుర్తు పెట్టి, రెండిటినీ కలుపుతూ కోయండి. రెండు సమలంబ చతుర్భుజాలు వస్తాయి. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలనూ 5×13 దీర్ఘచతురస్రంగా పేర్చండి. చక్కగా అమరిపోతాయి. మొదట ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, ఇప్పుడు ఐదు పదమూళ్లు అరవై ఐదు! ఒక చదరపు సెంటీమీటరు ఎక్కడి నుంచి వచ్చింది?

ఇది 1868లోనే ఒక జర్మన్ గణిత పత్రికలో అచ్చయిన చిక్కు. చూసినవాళ్లు ముందుగా అనే మాట "సరిగ్గా కొయ్యలేదు" అని. ఎంత సరిగ్గా కోసినా అంతే. కిటుకు వాలులో ఉంది. త్రిభుజం కర్ణం 8 అడ్డం పోతే 3 లేస్తుంది, అంటే 0.375. సమలంబ చతుర్భుజం వాలు అంచు 5 అడ్డం పోతే 2 లేస్తుంది, అంటే 0.4. రెండూ ఒకే గీతలో ఉన్నట్టు కంటికి కనిపిస్తాయి, కానీ ఉండవు. మధ్యలో సన్నటి సమాంతర చతుర్భుజం ఆకారంలో ఖాళీ మిగులుతుంది. దాని వెడల్పు మిల్లీమీటరుకు కాస్త పైన, అంతే. పెన్సిలు గీత, కత్తెర వంకర కలిస్తే అది కనబడదు. దాని వైశాల్యం సరిగ్గా ఒక చదరపు సెంటీమీటరు.

5, 8, 13 అంకెలు ఊరికే వచ్చినవి కావు. ముందు రెండూ కలిపితే మూడోది. వీటిని ఫిబొనాచి సంఖ్యలంటారు గానీ, ఆయన కంటే ముందే మన దేశపు ఛందస్సు పండితులకు ఇవి తెలుసు. 12వ శతాబ్దపు హేమచంద్రుడు వీటిని వివరించాడు. తెలుగు క్లాసులో మీరు చదివే లఘువు, గురువులతోనే లెక్క వేసి చూడండి. నాలుగు మాత్రలను 5 రకాలుగా, ఐదు మాత్రలను 8 రకాలుగా, ఆరు మాత్రలను 13 రకాలుగా పేర్చవచ్చు. లెక్కల సారూ తెలుగు సారూ ఒకే బల్ల మీద కూర్చోదగిన విషయం ఇది!

న్యూయార్క్ గారడీ కళాకారుడు పాల్ కర్రీ 1953లో తయారుచేసిన త్రిభుజం కూడా ఈ అంకెల మీదే నడుస్తుంది. ముక్కలు తిప్పి పేరిస్తే మధ్యలో ఒక గడి మాయమవుతుంది. అసలది త్రిభుజమే కాదు, వాలు గీత నడుమ వంగి ఉంటుంది.

ఇక అసలు సంగతి. మేము చదివే రోజుల్లో ఒక ట్యూటర్ గారు దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి అన్నీ బట్టీ పట్టించేవారు. పరీక్షలో ఏ, బి, సి బదులు పి, క్యూ, ఆర్ అని వస్తే సగం మంది కలం కింద పెట్టేసేవాళ్లు. బొమ్మలోనే కనిపిస్తున్నదాన్ని మళ్లీ ఎందుకు నిరూపించాలో ఆ పిల్లలకు ఎవరూ చెప్పలేదు మరి. అరవై నాలుగు అరవై ఐదు అవడం కళ్లారా చూసిన పిల్లవాడికి ఆ "ఎందుకు" వేరే చెప్పక్కర్లేదు.

బొమ్మను నమ్మితే ఏమవుతుందో చెప్పే చిక్కు ఇంకొకటి ఉంది. ప్రతి త్రిభుజమూ సమద్విబాహు త్రిభుజమే అని "రుజువు" చేస్తారు. శీర్షకోణ సమద్విఖండన రేఖ, భూమికి గీసిన లంబ సమద్విఖండన రేఖ త్రిభుజం లోపల కలిసినట్టు బొమ్మ గీస్తారు. తర్వాతి మెట్లలో వేలు పెట్టడానికి సందుండదు. నిజానికి భుజాలు సమానం కాకపోతే ఆ రెండు రేఖలూ త్రిభుజం బయట, పరివృత్తం మీద కలుస్తాయి. తప్పంతా బొమ్మలోనే. ఇలాంటి తప్పుడు వాదాల మీద యూక్లిడ్ విడిగా ఒక పుస్తకమే రాశాడని 5వ శతాబ్దపు ప్రోక్లస్ చెప్పాడు. ఆ పుస్తకం మనకు దక్కలేదు.

మన హాస్టల్ పిల్లలకు ఇది మార్కుల కంటే పెద్ద విషయమని నా అభిప్రాయం. ఎవరో పెద్దవారు చెప్పారు కాబట్టి నమ్మాలి, వాళ్ల ఎదుట నోరెత్తకూడదు అనే అలవాటు మనకు ఇంటి దగ్గర నుంచే వస్తుంది. రుజువుకు కులం లేదు, మీడియం లేదు. ఆరో తరగతి పిల్ల లేచి "సార్, ఈ రెండు వాలులూ ఒకటి కావు" అంటే, సారు అయినా సరే ఒప్పుకోవాలి.

కంటిని మోసగించే బొమ్మల్లో ముల్లర్-లయర్ గీతలు (1889) వేరే జాతి. బాణం కొనలు లోపలికి ఉన్న గీత పొట్టిగా, బయటికి విచ్చుకున్న గీత పొడుగ్గా కనిపిస్తుంది. స్కేలు పెట్టి సమానమని తేల్చుకున్నాక కూడా కన్ను మాట వినదు. 1966లో అచ్చయిన ఒక అధ్యయనంలో అమెరికా వాళ్లు ఎక్కువగా, ఆఫ్రికాలోని కొన్ని సమాజాల వాళ్లు తక్కువగా మోసపోయినట్టు తేలింది. చదరపు గదుల్లో పెరగడమే కారణమన్న వాదం మీద ఇంకా తగువు ఉంది. ఏమైనా "వెనుకబడిన" కన్ను అనే మాట వాడేవాళ్లకు ఈ ఫలితం చూపించాలని నాకు మహా సరదా.

వార్డెన్ గారికి, ట్యూటర్లకు నా మనవి ఒక్కటే. వారానికి ఒక్క స్టడీ అవర్, శనివారమైనా సరే, కత్తెరకూ అట్టకూ వదిలిపెట్టండి. మొదటి శనివారానికి పని నేనే ఇస్తాను. 13×13 చదరాన్ని ఇదే పద్ధతిలో 5 దగ్గర కోసి, కింది ముక్క మీద 5, 8 గుర్తులు పెట్టి, నాలుగు ముక్కలనూ 8×21గా పేర్చండి. ఈసారి 169 కాస్తా 168 అవుతుంది. ఒక గడి ఎక్కడ పోయిందో కనుక్కుని నోటీసు బోర్డు మీద అంటించండి. జవాబు మాత్రం జూనియర్లకు చెప్పకండి.