అమ్మోరి బిళ్ల

పరీక్ష ఫీజుల రోజుల్లో తెలుగు మేష్టారి గుమ్మం తొక్కేవాళ్లు సాధారణంగా అప్పుకో, సిఫారసుకో వస్తారు. పోయిన నెల వనపర్తిలో మా ఇంటికి వచ్చిన కుర్రవాడు మాత్రం గుప్పిట్లో ఒక వెండిబిళ్ల పట్టుకుని, వెంట నాయనమ్మను తీసుకుని వచ్చాడు. వాళ్లది వీపనగండ్ల వైపు పల్లె.

"షరాబు తూకానికి కొంటనన్నడు సారూ. నాలుగు గ్రాములు గూడ లేదంట. కరిగిచ్చే ముందు మీకొకసారి సూపిద్దామని వచ్చినం," అన్నాడు.

ముసలమ్మ ముఖం చూశాను. ఆవిడకు ఇష్టం లేదు.

"గది మా అత్త మెడల అమ్మోరి బిళ్ల. ఫీజు కట్టకుంటె పోరని సదువు ఆగుతది. ఏం జేసేది?" అన్నది.

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట ఇలాంటిదే ఒక రాగిబిళ్ల నా చేతికి వస్తే, మెరిపిద్దామన్న ఉబలాటంతో చింతపండు పెట్టి తోమాను. బిళ్ల తళతళలాడింది గాని, దానిమీద మిగిలివున్న నాలుగక్షరాలూ ఆ పులుసులోనే పోయాయి. అది ఏ రాజు నాణెమో ఇక ఎవరూ చెప్పలేరు. నాణేల పుస్తకాలు తిరగెయ్యడం ఆ ప్రాయశ్చిత్తంగా మొదలైందే.

కాబట్టి ఈసారి నీళ్లు కూడా తగలనివ్వలేదు. గదిలో దీపమార్పి, టార్చిలైటును బిళ్లకు పక్కనుంచి ఏటవాలుగా పట్టుకున్నాను. అరిగిన నాణెం చదవడానికి ఇదే మొదటి కిటుకు. ఎదురుగా పడే వెలుతురులో ఏమీ కనిపించదు. పక్క వెలుతురులో ఇంకా మిగిలిన మిట్టలకు నీడ పుడుతుంది. రెండో కిటుకు, ముందే అక్షరాలకోసం వెతక్కూడదు. దూరాన వచ్చే మనిషిని నడకనుబట్టి పోల్చుకున్నట్టు, బొమ్మ వాటం చూడాలి.

ఒక వైపు కుడికి తిరిగిన మగవాడి తల. రెండో వైపు పీటమీద కూర్చున్న స్త్రీ. ఒక చేత పొడుగాటి దండం, మరో చేత కొమ్మ. అంచున గుణకారపు గుర్తులాంటి అక్షరం ఒకటి, దాని పక్కన ఒక నిలువుగీత. నాకు గుండె ఝల్లుమంది. 'పాంటిఫ్ మాక్సిమ్', అంటే ప్రధాన పురోహితుడు! క్రీ.శ. 14 నుంచి 37 దాకా రోమును ఏలిన టైబీరియస్ బిరుదది. ఆ అక్షరం 'మాక్సిమ్' లోది.

ఇంట్లో తక్కెడకు మూడున్నర గ్రాములు తూగింది. కొత్తలో ఈ నాణెం మరికాస్త బరువుండేది. అరుగుదల తీసేస్తే లెక్క సరిపోయింది. అదే స్త్రీ బొమ్మకు బదులు డాలూ బల్లెమూ పట్టుకుని ఇద్దరు నిలబడివుంటే, అది అంతకుముందటి అగస్టసుది. ఆ ఇద్దరూ అతని మనవలు గేయస్, లూషియస్.

రోము నాణెం మన పాలమూరు పల్లెకు ఎలా వచ్చిందంటారా? మిరియాలకూ, సన్నబట్టలకూ, ముత్యాలకూ ఆ దేశం వెండి బంగారాలు గుమ్మరించింది. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టెర్షియస్‌లు లాగేస్తున్నదని మొదటి శతాబ్దిలో ప్లినీ వాపోయాడు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో ఒక్కచోటనే 1,531 వెండి నాణేలు దొరికాయి. వీపనగండ్లలోనూ రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఈ వెండి నాణెం పేరు 'డెనారియస్'. మన దీనారం అక్కణ్ణుంచి వచ్చిన మాటే. అమరకోశంలో చేరి, తెలుగు కవుల నోట పండింది. ఇన్నేళ్లుగా ఆ మాట పాఠం చెబుతున్నాను గాని, అసలు దీనారాన్ని చేత్తో పట్టుకోవడం నాకిదే మొదలు!

వాళ్లకు ఉన్నమాట చెప్పాను. తాడుకోసం కన్నం పొడిచి, ఇంతగా అరిగిన నాణేనికి లక్షలు రావు. కాని కరిగిస్తే మిగిలేది మూడున్నర గ్రాముల వెండి మాత్రమే. ఇక మీదట పొలంలో ఇలాంటివి దొరికితే దాచుకోవద్దనీ, పదిరూపాయలు మించిన నిక్షేపాన్ని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం ఉన్నదనీ చెప్పాను.

"ఇంతకీ గీ అమ్మోరు ఎవరు సారూ?" అన్నది ముసలమ్మ.

"పండితుల్లో చాలామంది ఆమె లివియా అంటారమ్మా. ఆ రాజుగారి తల్లి."

ఆవిడ బిళ్లను కళ్ల దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"రాజు తల్లిబొమ్మ పైసల మీద కొట్టిచ్చిండా! మా పోరని నాయిన రేషను కార్డుల నా పేరు తప్పువడితె గూడ దిద్దియ్యకపాయె," అంటూ నవ్వి, బిళ్లను కొంగున ముడేసుకున్నది. "ఇయ్య. ఇది మా కోడలికే."

కుర్రవాడు నావంక చూశాడు. ఫీజు గడువు మరో పదిహేను రోజులు పొడిగించమని ప్రిన్సిపాలుగారిని బతిమాలే పని నామీద పడింది.