తోటలో చెత్త ముందురోజే పుడుతుంది

బడులకు వేసవి సెలవులివ్వగానే బెజవాడ కుటుంబాలు జి. కొండూరు, మైలవరం, నూజివీడు వైపు మామిడి తోటలకు బయలుదేరతాయి. ఊళ్లో ఉడికిపోయే పిల్లల్ని ఒక్క పూటైనా చెట్ల కిందికి తీసుకెళ్లడం మంచి పని, దాన్ని ఎవరూ మానుకోనక్కర్లేదు. అయితే పర్యావరణానికి చేటు చేయని పిక్నిక్ అనగానే మన ఆలోచన చెత్త సంచి దగ్గరే ఆగుతోంది. తిన్నాక అన్నీ ఏరేస్తే సరిపోతుందనుకుంటాం. ఏరడం తప్పనిసరే. కానీ ఆ చెత్త ఎంతన్నది తోటలో తేలదు. ఏం వండాలి, ఏం కొనాలి అని ముందురోజు ఇంట్లో అనుకున్నప్పుడే తేలిపోతుంది. అందుకే ముందు మార్చుకోవాల్సింది మన భోజనం.

చట్టం ఉంది కదా అంటారు. నిజమే, 2022 జులై 1 నుంచి ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లాలు, గ్లాసులు, చెంచాలు, స్ట్రాలు దేశమంతటా నిషిద్ధం. కానీ మన పిక్నిక్ సంచుల్లో ఉండేవేమిటి? బిర్యానీ పార్సిల్ డబ్బాలు, చిప్స్ ప్యాకెట్లు, మంచినీళ్ల సీసాలు, కూల్‌డ్రింకులు, కాగితం కప్పులు. ఇవేవీ ఆ జాబితాలో లేవు. చిప్స్ ప్యాకెట్‌లో ప్లాస్టిక్ పొరలు, లోహపు పూత విడదీయలేనంతగా అతుక్కుని ఉంటాయి కనుక పాత సామాను కొనేవాళ్లు కూడా దాన్ని ముట్టుకోరు. కాగితం కప్పు మంచిదనుకుంటాం గానీ దాని లోపల పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. అందులో వేడి ద్రవం పావుగంట ఉంటే 100 మిల్లీలీటర్లకు సుమారు 25 వేల ప్లాస్టిక్ సూక్ష్మరేణువులు చేరతాయని ఖరగ్‌పూర్ ఐఐటీ పరిశోధకులు లెక్కగట్టారు. చట్టం వదిలేసిన ఈ ఖాళీని పూడ్చగలిగేది ఇంటివాళ్ల నిర్ణయమే.

పైగా ఈ ప్రాంతపు వేసవి తిండికి ప్యాకింగ్ అవసరమే తక్కువ. చిన్నరసాన్ని అరచేతుల మధ్య మెత్తగా నలిపి, ముచ్చిక గిల్లి, రెండు చుక్కల సొన పిండేసి జుర్రుకుంటాం. గ్లాసూ అక్కర్లేదు, చెంచా అక్కర్లేదు. తాటిముంజెకు బొటనవేలు చాలు. పులిహోర, దద్దోజనం స్టీలు క్యారేజీలో, మజ్జిగ కూజాలో, మంచినీళ్లు పెద్ద క్యానులో వెళ్తాయి. ఎండకు దద్దోజనం పులిసిపోతుందని భయపడేవాళ్లు అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు కొంచెమే కలిపితే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. వడ్డనకు అరిటాకో అడ్డాకు విస్తరో చాలు. విస్తరి కొనేటప్పుడు ఒక్కసారి వెనక్కి తిప్పి చూడండి, ప్లాస్టిక్ పొర అతికించినవి కూడా బజారులో ఉన్నాయి. ఇదంతా ఆడవాళ్ల నెత్తిన అదనపు చాకిరీ కాదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. వంట, క్యారేజీలు కడగడం ఇంటిల్లిపాదీ పంచుకోకపోతే ఈ ఏర్పాటు రెండోసారి సాగదు, సాగకూడదు కూడా.

తొక్కలు, టెంకలు మట్టిలో కలిసిపోయేవే కదా అని చెట్ల కింద వదిలేయడం మరో పొరపాటు. రాలి కుళ్లిన పండ్లలో పండు ఈగ పెరుగుతుంది కాబట్టే వాటిని ఏరి లోతుగా పూడ్చమని రైతులకు చెబుతారు. మనం సగం తిని పారేసిన పండు కూడా ఆ ఈగకు నెలవే. పూత దశలోనే కాపును కౌలుకు తీసుకున్న వ్యాపారికి ఒక్కో కాయ పెట్టుబడే, అందుకని చెట్టు మీద చెయ్యి వేయకుండా అడిగి కొనుక్కోవాలి. ప్రయాణం సంగతీ మరవొద్దు. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. రానూపోనూ 50 కిలోమీటర్లు దాటే దారిలో ఒక్కో కారు 7 కిలోలకు పైగా వదులుతుంది. మూడు కార్లలో వెళ్లేవాళ్లు మైలవరం బస్సు ఎక్కితే, విస్తరాకులతో చేసే ఆదా కంటే అదే పెద్దది.

నాలుగు ప్యాకెట్లతో కొంప మునుగుతుందా అని అడుగుతారు. 2024 సెప్టెంబరు మొదట్లో బెజవాడ మునిగింది కుండపోత వానకు, బుడమేరు వాగుకు పడిన గండ్లకు, ఆక్రమణలకే గాని పిక్నిక్ చెత్తకు కాదు. కానీ జి. కొండూరు, మైలవరం వైపు వాగుల నీరు చాలావరకు చేరేది ఆ బుడమేరులోకే. జి. కొండూరు మండలంలోని వెలగలేరు రెగ్యులేటరు దాటి కిందికి పోయే నీరు చివరకు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా గుర్తింపు పొందిన కొల్లేరు సరస్సుకు చేరుతుంది. మేలో తోట గట్టున వదిలిన ప్యాకెట్ జులై వానకు ఆ దారే పడుతుంది. పంచాయతీ చెత్త బండి ఊళ్లో ఇళ్ల ముందు తిరుగుతుంది గానీ తోటల్లోకి రాదు. కాబట్టి తోట యజమానులు లోపలికి రానిచ్చేముందే కొంత డిపాజిట్ తీసుకుని, తెచ్చిన సీసాలు, ప్యాకెట్లు తిరిగి పట్టుకెళ్తేనే వాపసు ఇస్తామని చెప్పాలి. తిరుమల కొండ మీద నీళ్ల గాజు సీసాలకు ఇలాంటి పద్ధతే పెట్టారు. లక్షలమంది వచ్చేచోట కుదిరినది ఒక తోట గేటు దగ్గర కుదరకపోదు.