యాడి అడిగిన 350 రూపాయల లెక్క

పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చివరిదాకా చదవండి. ఇది నోటిఫికేషన్ల గురించి కాదు, రిజర్వేషన్ గురించి కాదు. మన ఇండ్లల్లో నెలనెలా కట్టే కేబుల్ పైసలు, ఫోన్ రీచార్జి పైసల గురించి. చిన్న విషయమని దాటెయ్యకండి.

మేము పాతబస్తీలో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్న పిల్లలం. మొన్న ఒక ఆదివారం ఐదుగురం కలిసి సైదాబాద్ సింగరేణి కాలనీలో మా ఫ్రెండ్ వాళ్ల ఇంటికి పోయినం. దేవరకొండ దిక్కు తండాల నుంచి వచ్చి అక్కడ ఉంటున్న మనవాళ్లు ఎంతమంది ఉన్నరో మీకు తెలుసు. వాళ్ల యాడి నాలుగిండ్లల్ల పని చేస్తది. బాపు తండాలనే ఉంటడు, ఉన్న కొద్ది భూమి చూసుకుంటడు. మేము రొట్టెలు తింటుంటే కేబుల్ ఆయన వచ్చిండు. యాడి డబ్బాలకెళ్లి 350 రూపాయలు తీసి ఇచ్చింది. ఆయన చిన్న పుస్తకంలో టిక్కు పెట్టుకొని పోయిండు. రసీదు లేదు.

అప్పుడు యాడి మమ్మల్ని చూసి అడిగింది: "బేటా, మీరు చదువుకున్నోళ్లు గదా. ఈ మూడొందల యాభై దేనికి తీసుకుంటున్నరు? నేను చూసేది రాత్రి రెండు సీరియళ్లు."

ఐదుగురం డిగ్రీ వాళ్లం. ఒక్కరికి జవాబు రాలేదు. ఒకడు "ప్యాకేజీ యాడి" అన్నడు. ప్యాకేజీ అంటే ఏందంటే వానికీ తెల్వదు. మాకు సిగ్గనిపించింది. మా ఇండ్లల్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేమే. ఊళ్లె మేం పెద్ద చదువు చదువుతున్నమని చెప్పుకుంటరు. కానీ ఇంట్లో నెలనెలా పోయే పైసల లెక్క చెప్పమంటే నోరు రాలేదు. ఆ రోజు హాస్టల్‌కి వచ్చి కూర్చొని చూసినం. తెలిసింది ఇక్కడ రాస్తున్నం.

మొదలు కేబుల్. టీవీ ఛానళ్ల రేట్లకు రూల్స్ పెట్టేది ట్రాయ్. 2019 నుంచి కొత్త పద్ధతి వచ్చింది. బిల్లులో రెండు ముక్కలుంటయి. ఒకటి కనెక్షన్ చార్జీ, దాన్ని నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు అంటరు. రెండోది మనం కోరుకున్న పే ఛానళ్ల ధర. రెండింటి మీద 18 శాతం జీఎస్టీ. 2019లో కనెక్షన్ చార్జీ 100 ఛానళ్లకు 130 రూపాయలు దాటొద్దని పెట్టిన్రు, పన్నుతో 153 రూపాయల 40 పైసలు. 2020 మార్చి నుంచి అదే 130కి 200 ఛానళ్లు ఇవ్వాలన్నరు. 2024 జులైలో ఆ 130 పరిమితి తీసేసిన్రు. ఇప్పుడు ఎంత తీసుకోవాలన్నది కంపెనీ ఇష్టం, కానీ ఎంత తీసుకుంటున్నదో బయటికి చెప్పాలె.

ఇప్పుడు యాడి బిల్లు లెక్క కడదాం. 2019 రేట్ల ప్రకారం స్టార్ మా, జెమిని, జీ తెలుగు ఒక్కోటి 19 రూపాయలు, ఈటీవీ 17. నాలుగూ కలిపితే 74, పన్నుతో 87 రూపాయల 32 పైసలు. దానికి 153 రూపాయల 40 పైసలు కలిపితే 240 రూపాయల 72 పైసలు. ఫ్రీ ఛానళ్లు అందులోనే వస్తయి. రేట్లు ఇప్పుడు మారి ఉంటయి, మీ దగ్గర ఎంతుందో మీరే చూసుకోవాలె. కానీ లెక్క కట్టే పద్ధతి ఇదే. మిగిలిన వంద రూపాయలు దేనికి పోతున్నయంటే, ప్యాకేజీలో ఉన్న ఇంగ్లిష్ సినిమా ఛానళ్లకు, వేరే భాషల ఛానళ్లకు, ఇంట్లో ఎవరూ చూడని వాటికి. ఛానల్‌ని విడిగా తీసుకునే హక్కు మనకుంది. ఆ హక్కుందని మన ఇండ్లల్లో ఎవరికీ తెల్వదు.

మరుసటి ఆదివారం మేము కేబుల్ ఆయన్ని కలిసినం. కొట్లాటకు పోలేదు. "భాయ్, మా యాడికి ఈ నాలుగు ఛానళ్లు చాలు, విడిగా వేస్తే ఎంతైతది?" అని అడిగినం. ముందు "ప్యాకేజీ హీ చల్తా బేటా" అన్నడు. కాగితం మీద రాసుకొచ్చిన లెక్క చూపించినం. కొంచెంసేపు చూసి నవ్విండు. 260కి ఒప్పుకున్నడు, రసీదు కూడా రాసిచ్చిండు. "ఇన్నేండ్లల్ల ఎవరూ అడగలే" అన్నడు. ఈ మాట మాకు బాగా తగిలింది. అడిగేవాళ్లు లేక 350 అయింది, అంతే.

ఒక మాట చెప్పాలె. ఆ కేబుల్ ఆయన మనకు శత్రువు కాదు. పక్క గల్లీలనే కిరాయికుంటడు. 2025 ఆగస్టులో ఏమైందో గుర్తుంది గదా. రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయిన్రు. ఒకటి రెండు రోజుల్లనే మన పాతబస్తీ బండ్లగూడలో వినాయకుణ్ణి తెస్తుంటే ఇంకో ఇద్దరు పోయిన్రు. ఆ తర్వాత కరెంటోళ్లు స్తంభాల మీది కేబుళ్లు కోసుకుంటూ పోయిన్రు. నగరంలో చాలాచోట్ల నెట్ బంద్ అయింది, విషయం హైకోర్టు దాకా పోయింది. ప్రాణాలకంటే వైర్లు ఎక్కువ కాదు, వేలాడే వైర్లు తియ్యాల్సిందే. కానీ అప్పుడు ఈ ఆపరేటర్ల పొట్ట కూడా కొట్టుకుపోయింది. కాబట్టి అడిగేటప్పుడు మర్యాదగ అడగాలె. అడగకుండా మాత్రం ఉండొద్దు.

ఇప్పుడు అసలు పైసలు పోయే చోటుకు వద్దాం. అది కేబుల్ కాదు, ఫోన్.

యాడి ఇంట్లో మూడు ఫోన్లు. కొడుకుది, బిడ్డది స్మార్ట్‌ఫోన్లు. తండాలో బాపుది బటన్ ఫోన్. మూడింటికీ నెలకు 299 చొప్పున కొడుతున్నరు. నెల అంటే నెల కాదు, 28 రోజులు. సంవత్సరానికి 12 సార్లు కాదు, 13 సార్లు. ఒక్కో ఫోన్‌కి ఏడాదికి 3,887 రూపాయలు. బాపు బటన్ ఫోన్‌లో రోజుకు ఒక జీబీ నెట్ వేసుకొని ఆయన ఏం చేస్తడు చెప్పండి? మండలంలో రీచార్జి షాపులో "అన్‌లిమిటెడ్ వెయ్యి" అంటే వాడు అదే వేస్తడు. బాపుకి కావాల్సింది బిడ్డతోటి మాట్లాడుడు, అంతే.

2024 డిసెంబర్‌లో ట్రాయ్ ఒక ఆర్డర్ ఇచ్చింది. నెట్ అవసరం లేనోళ్లకు కాల్స్, ఎస్ఎంఎస్ మాత్రమే ఉండే ప్యాక్ ప్రతి కంపెనీ పెట్టాలని. 2025 జనవరిలో అవి వచ్చినయి. ఎయిర్‌టెల్‌లో 84 రోజులకు 469, ఏడాదికి 1,849. జియోలో 84 రోజులకు 448. అంటే బాపు ఫోన్‌కి ఏడాదికి 3,887 బదులు 1,849. రెండు వేల పైన మిగులుతది. ఈ ప్యాక్‌లు ఉన్నయని టీవీలో యాడ్ రాదు, షాపోడు చెప్పడు. మనమే చెప్పాలె.

స్మార్ట్‌ఫోన్‌లకూ అంతే. 2024 జులైలో రేట్లు పెంచిన తర్వాత జియోలో రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ 28 రోజులకు 299, అదే 84 రోజులకు 799. ఏడాదికి లెక్కేస్తే 3,887కి బదులు 3,472 అయితది. ఒక్క ఫోన్‌కి 415 మిగులు. మొత్తం యాడి ఇంటికి: కేబుల్‌లో 1,080, బాపు ఫోన్‌లో 2,038, రెండు స్మార్ట్‌ఫోన్‌లల్ల 830. కలిపి 3,948 రూపాయలు. నాలుగిండ్లల్ల అంట్లు తోమే మనిషికి నాలుగు వేలంటే ఎన్ని రోజుల కష్టమో మీకు తెలుసు. చూసే ఛానల్ ఒక్కటి బంద్ కాలేదు, ఒక్క కాల్ తగ్గలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది. రోజు కూలీ మీద బతికే ఇంట్లో 799 ఒక్కసారి ఎక్కడి నుంచి తెస్తరు? షాంపూ సీసా కొనలేక ఒక్కో ప్యాకెట్ కొన్నట్టే ఇది కూడా. చిన్నగ కొంటే ఎక్కువైతదని తెల్వక కాదు, ఒక్కసారి చేతిలో లేక. లేనోడు ఎక్కువ కట్టాలె, ఉన్నోడు తక్కువ కట్టాలె, ఈ పద్ధతే అట్లుంది. 28 రోజుల ప్యాక్ పేదోని మీద వేసిన పన్ను అని మా అభిప్రాయం.

దీనికి మా హాస్టల్‌లో మేము ఒక చిట్టీ పెట్టుకున్నం. ముగ్గురం ఒక జట్టు. ప్రతి 28 రోజులకు ఒక్కొక్కరం 267 వేస్తం, 801 అయితది. ఒకరికి 799 రీచార్జి కొడతం. తర్వాతి 28 రోజులకు రెండో ఆయనకు, తర్వాత మూడో ఆయనకు. 28 మూడు సార్లు అంటే 84. మళ్లీ మొదటి ఆయన వంతు వచ్చేసరికి ఆయన ప్యాక్ అయిపోతది. వడ్డీ లేదు. మొదటి రౌండ్‌లో వంతు రాని ఇద్దరికి కొంచెం కష్టం, చిట్టీ పైసలతో పాటు తమ చిన్న రీచార్జి కూడా కొట్టుకోవాలె. ఆ తర్వాత ఏ ఇబ్బంది లేదు. మన అమ్మలక్కలు సంఘాల్లో ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది, మేము కొత్తగ కనిపెట్టింది కాదు.

వైఫై పెట్టించుకుంటే చవక గదా అని కొందరంటరు. అది కూడా లెక్కేసి చూసినం. 399 అని బోర్డు మీద రాసిన ప్లాన్‌కి పన్ను కలిపితే 471 అయితది. ఐదుగురుంటే ఒక్కొక్కరికి 94. కానీ బయటికి పోతే ఫోన్‌కి కాల్స్ ప్యాక్ కావాలె, 84 రోజులకు 469 అంటే 28 రోజులకు 156. రెండూ కలిపితే 250. 299తో పోలిస్తే 49 మిగులు, కానీ బస్సులో నెట్ ఉండదు. రూమ్‌లో కూర్చొని ఆన్‌లైన్ క్లాసులు ఎక్కువ చూసేవాళ్లకు లాభం, అందరికీ కాదు. అందుకే ఎవడో చెప్పిండని మారొద్దు, మన వాడకం ఎంతో చూసి లెక్క కట్టాలె. బోర్డు మీద రేటు కాదు, పన్ను, డబ్బా, ఫిట్టింగ్ చార్జీ అన్నీ కలిపి ఏడాదికి ఎంతో చూడాలె.

"ఇంత లెక్క ఎందుకు, టీవీ బంద్ పెడితే పోతది గదా" అని మనలోనే కొందరు చదువుకున్న అన్నలు అంటరు. మాకు ఆ మాట నచ్చదు. పొద్దంతా ఒంగి పని చేసి వచ్చిన మనిషికి రాత్రి ఆ గంట సీరియల్ ఒక్కటే ఆరాం. మనం రీల్స్ చూసుకుంటూ యాడికి టీవీ వద్దని చెప్పడం ఏం న్యాయం? మనం తగ్గించాల్సింది ఆమె ఆరాం కాదు, ఆమె దగ్గర ఎక్కువ తీసుకునే పైసలు. ఊళ్లల్ల అయితే డీడీ ఫ్రీ డిష్ ఉంది, డబ్బా ఒక్కసారి కొంటే నెల బిల్లే లేదు, డీడీ యాదగిరి వస్తది. కానీ ఇష్టమైన సీరియల్ అందులో వస్తదో లేదో ముందు చూసుకొని పెట్టించండి. లేకపోతే తిట్లు తింటరు.

ఇంకోటి. నెట్ మనకు షోకు కాదు. ఈపాస్ స్కాలర్‌షిప్, దోస్త్ అడ్మిషన్, టీజీపీఎస్సీ అప్లికేషన్ అన్నీ నెట్‌లనే. చివరి తేదీ రోజు ప్యాక్ అయిపోతే ఎట్లుంటదో మనకు తెలుసు. 2019 సెప్టెంబర్‌లో కేరళలో ఒక హాస్టల్ అమ్మాయి, ఫోన్ వాడకం మీద హాస్టల్ పెట్టిన ఆంక్షకు ఎదురు తిరిగి కోర్టుకు పోతే, ఇంటర్నెట్ అందుకోవడం చదువుకునే హక్కులో భాగమని అక్కడి హైకోర్టు చెప్పింది. అదే కేరళ 2023 జూన్‌లో కేఫోన్ మొదలుపెట్టి, 20 లక్షల పేద ఇండ్లకు ఉచితంగా ఇస్తమని చెప్పింది. ఆంధ్రలో 2017 డిసెంబర్‌లో ఫైబర్‌నెట్ నెలకు 149కే టీవీ, నెట్, ఫోన్ అని మొదలైంది. మన తెలంగాణలో మిషన్ భగీరథ పైపులతో పాటు ఫైబర్ లైన్ వేసిన్రు. మరి ఆ లైన్ ముందుగా తండాలకు, గూడేలకు, ఎస్టీ హాస్టళ్లకు ఎందుకు ఇవ్వొద్దు? ఈ డిమాండ్ మన సంఘాల వినతిపత్రాల్లో ఉండాలె. మెస్ చార్జీలతో పాటు ఇది కూడా అడగాలె.

కానీ ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగకుండా మన చేతుల్లో ఉన్న పని ఒకటుంది. ఈసారి పండక్కి ఇంటికి పోయినప్పుడు బాపు ఫోన్ తీసుకొని ఏ ప్యాక్ నడుస్తుందో చూడండి. యాడిని కూర్చోబెట్టి ఏ ఛానళ్లు చూస్తదో అడిగి కాగితం మీద రాయండి. కేబుల్ ఆయన్ని రసీదు అడగండి. ఒక గంట పని. తర్వాత మీ ఇంట్లో ఎంత కడుతున్నరు, ఎంతకు తగ్గింది ఇక్కడ రాయండి. మీ దగ్గర ఇంతకంటే మంచి ఉపాయం ఉంటే చెప్పండి, మేము తప్పు లెక్క కట్టి ఉంటే సరి చెయ్యండి.

యాడికి కొత్త రసీదు చదివి వినిపించినం. ఆమె మళ్లీ ఒకసారి చదవమంది. తర్వాత దాన్ని మడిచి, పైసలు పెట్టుకునే డబ్బాలనే పెట్టుకుంది.