బండి వెనుక వెలుఁగు



గృహిణికి బండిదీపములతో నేమి పనియని మీలోఁ గొందఱు నవ్వవచ్చును. మొన్నటిదాఁక నేనును అట్లే తలఁచితిని. మా మఱఁది టమాటాలు పండించి, పాత పికప్పుబండిలో మదనపల్లె మార్కెట్టునకుఁ గొనిపోవును. ఆ బండి పదునాలుగేండ్లనాటిది. ఒకరు వాడి విడిచినదానిని కొన్నాఁడు. తెల్లవాఱకమునుపే మార్కెట్టు చేరవలయునని చీఁకటితోనే బయలుదేఱుట యతని యలవాటు.

గడచిన మార్గశిరమాసమున నొకనాఁడు దారిలో టైరు పగిలి బండి నిలిచిపోయినది. మంచు దట్టముగా నుండెను. అతఁడు వంగి చక్రము విప్పుచుండఁగా, వెనుకనుండి వచ్చిన బస్సు మూరెడు దూరమునఁ దప్పుకొని పోయినదఁట! ఇంటికి వచ్చి అన్నము ముట్టక కూర్చుండెను. సంగతి విన్న నా తోడికోడలు ఒక్కమాటయు నాడక, చీటీసొమ్ములోనుండి 4,000 రూపాయలు తీసి యతనిచేతఁ బెట్టి, “ముందు దీపములు పెట్టించుకొని రండు” అనెను.

మఱునాఁ డతఁడు తెచ్చినవి యెఱుపును నీలమును మార్చిమార్చి మెఱయు స్ట్రోబుదీపములు. పిల్లలు చప్పట్లు కొట్టిరి. మావారు మాత్రము తల యడ్డముగా నూఁపి, “తమ్ముఁడా, 2017వ సంవత్సరము మే నెల 1వ తేదీనుండి మంత్రుల కార్లమీఁది యెఱ్ఱదీపములనే తీసివేసిరి. ఇట్టివి పోలీసులకును, అగ్నిమాపకదళమునకును, ఆంబులెన్సులకును దగినవి. టమాటాబండి కేల?” అనిరి. నిజమే కదా! రోగిని గొనిపోవు బండియని తలఁచి దారియిచ్చినవారు టమాటాబుట్టలను జూచినచో, రేపు నిజమైన ఆంబులెన్సునకు దారి యిత్తురా? ఆ దీపములను దిరిగి యిచ్చివేసి, రవాణా కార్యాలయములో విచారించిన పిదపనే నారింజరంగువి రెండు కొంటిమి. మీరును అట్లే ముందుగా విచారింపుఁడు. బండిని యోగ్యతాపరీక్షకుఁ గొనిపోయినపుడు చిక్కు రాకుండును.

ఇంక నొక విచిత్రము వినుఁడు. బండిలో నాలుగుమూలల దీపములును ఒక్కమాఱుగా మినుకుమనునట్లు చేయు హజార్డుమీట మొదటినుండియుఁ గలదు! ఫ్యూజు కాలిపోవుటచేతను, వెనుక బల్బు మాడిపోవుటచేతను అది యెన్నియో నెలలుగాఁ బనిచేయుట లేదు. ఉన్న దీపమునకు వత్తి వేయక క్రొత్తదీపము కొఱకు అంగడికిఁ బోయినట్లయినది మా పని. కావున మొదట నున్నవానిని బాగుచేయించితిమి.

క్రొత్తదీపముల నమర్చిన మేస్త్రీ తీఁగను బ్యాటరీకే తిన్నగాఁ గట్టి, ఇనుపరేకునకుఁ బొడిచిన రంధ్రముగుండఁ దీసికొనిపోయినాఁడు. నాలుగవనాఁడు బానెటు క్రిందనుండి పొగ వచ్చినది. రేకుయంచు ఒరసి తీఁగపైతొడుగు తెగినది. నడుమ ఫ్యూజు లేదు. పొగ కంటఁబడినది పగటివేళ గనుక బ్రదికితిమి. అప్పుడు మావారు కాగితముమీఁద లెక్కవేసి చూపిరి. ఒక్కొక్క దీపము 12 వాట్లు. రెండును గలిసి 24. బ్యాటరీ 12 వోల్టులది. 24ను 12చే భాగింపఁగా 2 ఆంపియర్లు. కావున బ్యాటరీప్రక్కనే 5 ఆంపియర్ల ఫ్యూజు పెట్టిన చాలును. ఎక్కడనైన తీఁగ తెగి యినుమునకుఁ దగిలినపుడు ఫ్యూజు తాను కాలి బండిని గాపాడును. రంధ్రమునకు రబ్బరువలయము తొడిగించితిమి. భూమితీఁగ బిగించుచోట రంగు గీఁకి మెఱయు నినుము కనఁబడునట్లు చేయించితిమి. పాతబండ్లలో దీపములు మసకబాఱుటకుఁ దుప్పు పట్టిన యీ బిగింపే తఱచుగాఁ గారణము.

దీపము లెక్కడ పెట్టవలయు ననునదియు నాలోచింపవలసినదే. ముందుగదికప్పుపైఁ బెట్టిన నందమేకాని, టమాటాపెట్టెలు పేర్చినపిదప వెనుకవారికి వెలుఁగు కనఁబడదు. అందుచేత వెనుకతలుపున కిరుప్రక్కల నున్న కమ్ములకు బిగించితిమి. తలుపు దించినను అవి మఱుగుపడవు.

మినుకు మిక్కిలి వేగముగా నుండరాదు. మలుపుదీపమువలె నిమిషమునకు 60 మొదలు 120 వఱకు నుండిన చాలును. సెకనునకు మూఁడింటికి మించి మెఱయు వెలుఁగు కొందఱకు మూర్ఛ తెప్పింపఁగలదు. జపాను దేశమున 1997వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీని టెలివిజనులో నొక బొమ్మలకథ యందు ఎఱుపునీలములు వడివడిగా మెఱయఁగాఁ జూచి, 600 మందికిఁ బైగా ఆసుపత్రుల పాలైరి. వారిలోఁ బిల్లలే హెచ్చు. వెలుఁగు అతితీవ్రమైనచో వెనుకవచ్చువాని కన్నులు చెదరి, బండిప్రక్క నిలిచిన మనుష్యుఁడే కానరాకపోవును. మన దీపము మనలను జూపుటకుఁగాని యెదుటివానిని గ్రుడ్డిని జేయుటకుఁ గాదు.

అయినను దీపముల నొక్కటినే నమ్మరాదు. గంటకు 60 కిలోమీటర్లు పోవు బస్సు సెకనునకు సుమారు 17 మీటర్లు దాఁటును. మూఁడు సెకనులలో 50 మీటర్లు వచ్చి మీఁదఁబడును. కావున బండిని వీలైనంత ప్రక్కకుఁ దీసి, ఎఱ్ఱత్రికోణపుపలకను వెనుక 50 మీటర్లకుఁ దక్కువగాని దూరమునఁ బెట్టవలయును. మలుపు దగ్గఱనైనచో నది మలుపున కావలనే యుండవలయును. వెనుక నంటించు ఎఱ్ఱని ప్రతిఫలనపుపట్టీ బ్యాటరీతోఁ బనిలేక, వచ్చువాని దీపమువలననే మెఱయును. దానిపై బురద తుడుచుట యొక్కటే మన పని.

ఇప్పుడు మా తోడికోడలు ప్రతిదినమును సందెవేళ దేవునియొద్ద దీపము వెలిగించి, పిమ్మట వాకిటిలోనికి వచ్చును. “మీట నొక్కుఁడు” అని మగని కూర్చుండఁబెట్టి, తాను బండిచుట్టును దిరిగి ఒక్కొక్క దీపమును జూచును. మొన్న నొకటి వెలుఁగలేదు. అతఁడు “రేపు చూతములే” అనఁగా, తాళపుచెవులు కొంగున ముడివేసికొని లోపలికిఁ బోయినది. ఆ రాత్రియే బాగుచేయించుకొని వచ్చినాఁడు.

మీ యింటను ట్రాక్టరో, ఆటోవో, పాలబండియో యుండవచ్చును. ఈ సందెవేళ నొక్కమాఱు దానివెనుకకుఁ బోయి నిలిచి చూడుఁడు.