కొత్త కిటికీలకు అడ్వాన్సు ఇచ్చే ముందు

పలాస: ఉప్పుగాలికి ఇనుప ఊచలు తుప్పు పట్టి, చెక్క రెక్కలకు చెద పట్టడంతో ఉద్దానం గ్రామాలలో పాత కిటికీలు తీయించి యూపీవీసీ, అల్యూమినియం కిటికీలు పెట్టించుకునే వారు కనిపిస్తున్నారు. వలస వెళ్లిన కొడుకు పంపే సొమ్ముతో ఊళ్లోని తల్లిదండ్రులు ఈ పని చేయిస్తున్న ఇళ్లూ ఉన్నాయి. బేరం ఫోనులో జరుగుతుంది, డబ్బు పరాయి ఊరి నుంచి వస్తుంది, పని చూసుకునేది మాత్రం వయసు మళ్లినవారు. కనుక ఏ సంస్థను నమ్మాలన్నది చిన్న ప్రశ్న కాదు.

పైగా మనది తుపానుల తీరం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు నగరంలో ఎన్నో భవనాల అద్దాలు పగిలిపోయిన సంగతి విదితమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపంలోనే తీరం దాటింది. అప్పుడు గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు. అటువంటి గాలిలో కిటికీ ఊడిపోతే గాలి లోపలికి చొరబడి పైకప్పును కింది నుంచి ఎత్తుతుంది. రేకుల ఇంటికి ఇది మరీ ప్రమాదం.

వడ్రంగి మాట, కంపెనీ మాట

వెనుకటి రోజులలో కిటికీ చేసేది ఊరి వడ్రంగి. వానకు రెక్క ఉబ్బి బిగుసుకుపోతే కబురు పెట్టగానే వచ్చి చిత్రిక పట్టి వెళ్లేవాడు. రాకపోతే నలుగురూ నిలదీసేవారు. అదే ఊళ్లో బతకవలసిన మనిషి కనుక అతని మాటే హామీ. ఈనాడు పట్నం నుంచి వచ్చి కొలతలు తీసుకునే ఏజెంటు రేపు ఏ కంపెనీలో ఉంటాడో తెలియదు. ఆనాడు పరిచయం చేసిన పనిని ఇప్పుడు కాగితం చేయాలి. అసలు కిటుకు ఇక్కడే ఉంది.

పేరు ఒకరిది, పని మరొకరిది

యూపీవీసీ విషయంలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పేరున్న పెద్ద కంపెనీలు సాధారణంగా తయారు చేసేది గుల్లగా ఉండే పొడవాటి కడ్డీలను మాత్రమే. వీటినే ప్రొఫైల్ అంటారు. వాటిని కొని, కోసి, మూలలు అతికి, అద్దం వేసి మన గోడకు బిగించేది పట్నంలోని ఫాబ్రికేటరు. షాపు బోర్డు మీద పెద్ద పేరు ఉన్నంత మాత్రాన ఆ కంపెనీ మన కిటికీకి పూచీ పడినట్లు కాదు. పదేళ్ల గ్యారంటీ అన్నప్పుడు అది దేనికని అడగాలి. కడ్డీ రంగు మారకుండానా? చక్రాలకూ గడియలకూనా? వాన నీరు లోపలికి కారకుండానా? ఒక్కొక్కదానికి ఎవరు బాధ్యులో రాసి ఇవ్వమనాలి.

కడ్డీ లోపల బలానికి ఉక్కు పట్టీ వేయాలి. అది లేని పెద్ద కిటికీ గాలికి వంగుతుంది. ఆ ఉక్కుకు జింకు పూత లేకపోతే సముద్రతీరంలో తుప్పు తప్పదు. కోసిన నమూనా ముక్క చూపమంటే ఈ రెండూ తేలిపోతాయి. నాసిరకం కడ్డీ కొన్నేళ్ల ఎండకు పసుపెక్కి పెళుసవుతుంది. స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. అద్దం టఫెన్డ్ అయితే పగిలినా కత్తుల వలె కాక చిన్న ముక్కలుగా రాలుతుంది. అద్దం మూలన ముద్ర ఉన్నదీ లేనిదీ చూడాలి. ఆ అద్దాన్ని తయారైన తరువాత కోయడం కుదరదు కనుక కొలతలు ముందే సరిగా ఉండాలి.

వీటన్నిటికంటె పెద్ద రుజువు మరొకటుంది. మూడు వానాకాలాలు గడిచిన ఇల్లు చూపమని అడగాలి. నిన్న బిగించిన కిటికీ ఎవరిదైనా బాగానే ఉంటుంది.

చదరపు అడుగు లెక్క

ధర చదరపు అడుగుకు ఇంత అని చెబుతారు. అందులో అద్దం, దోమతెర, ఊచలు, రవాణా, బిగింపు, గోడ పూత, పన్ను కలిసి ఉన్నాయో లేదో తేల్చుకోకపోతే తక్కువ ధరే చివరికి ఎక్కువవుతుంది. 3 అడుగుల 9 అంగుళాల చదరపు కిటికీ 14 చదరపు అడుగులకు కాస్త ఎక్కువ. దానినే నాలుగు అడుగులకు సరిచేస్తే 16 అవుతుంది. పది కిటికీలకు సుమారు 19 చదరపు అడుగుల సొమ్ము ఊరకే పోయినట్లే.

బిల్లు వద్దంటే తగ్గిస్తారా?

బిల్లు లేకుండా అయితే పన్ను మిగులుతుందని కొందరు ఆశ పెడతారు. మిగిలేది పన్ను, పోయేది గ్యారంటీ. సంస్థ చూపే జీఎస్టీ నంబరులో 15 అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో నమోదైతే మొదట 37 ఉంటుంది. ఆ నంబరు ఎవరి పేరున, ఎప్పటి నుంచి ఉన్నదో జీఎస్టీ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. దూరాన ఉన్న కొడుకు ఈ పని క్షణాలలో చేయగలడు.

అడ్వాన్సు సంస్థ ఖాతాకే పంపాలి గాని ఏజెంటు సొంత ఫోను నంబరుకు కాదు. సొమ్మంతా ఒకేసారి ఇవ్వరాదు. ఆర్డరుకు కొంత, సరుకు ఇంటికి చేరాక కొంత, మిగిలినది బిగించిన తరువాత బయటి నుంచి గొట్టంతో నీళ్లు కొట్టి, లోపల తడి లేదని చూసుకున్నాక ఇవ్వాలి. ఈ షరతుకు ఒప్పుకోని సంస్థ తన పనిని తానే నమ్మడం లేదన్నమాట.

అయినా మోసపోతే దారి లేకపోలేదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న కొత్త వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, కంపెనీ ఎక్కడిదైనా మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. మనకు అది శ్రీకాకుళంలో ఉంది. చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చు. కాని అక్కడ మొదట అడిగేది బిల్లు, రశీదులే.

పెద్ద సంస్థలన్నీ మంచివనీ, చిన్న షాపులన్నీ మోసమనీ చెప్పడానికి లేదు. అడిగినవన్నీ చూపి, రాసి ఇచ్చి, చివరి విడత సొమ్ముకు ఓపిక పట్టేవాడు టెక్కలిలో చిన్న షాపు వాడైనా నమ్మదగినవాడే. అడ్వాన్సు కోసం తొందర పెట్టేవాడు ఎంత పెద్ద బోర్డు పెట్టుకున్నా దూరంగా ఉంచవలసినవాడే.