బ్యాంకు పేరు మారొచ్చు, కూలివాడి పేరులో అక్షరం మారకూడదా?

మార్కాపురం పలక మీద దేశంలో ఎంతమంది పిల్లలు అక్షరాలు దిద్దారో లెక్కలేదు. ఆ పలక కోసిన చేతుల్లో చాలా చేతులు నేటికీ వేలిముద్ర దగ్గరే ఆగిపోయాయి. ఇప్పుడు ఆ వేలిముద్ర కూడా అరిగిపోయి మిషను మీద పడటం లేదు. ఈ మాట ఎందుకెత్తామంటే, పోయిన నెలలో మా సంఘం ఆఫీసుకు ఒక వ్యవసాయ కూలీ చేతిలో మూడు కాగితాలు పట్టుకొని వచ్చాడు. ఆయన సమస్య ఆయన ఒక్కడిదే కాదు.

ఆయన మేనత్త తర్లుపాడు వైపు ఒక పల్లెలో కూలినాలి చేసుకొని బతికిన మనిషి. కొడుకు లేడు, కోడలు లేదు, మిగిలింది ఒక్క మనవరాలు. పింఛనులోంచి, కలుపు కూలిలోంచి మిగిల్చి అరవై వేల చిల్లర బ్యాంకులో వేసింది. నామినీ పేరు రాయించలేదు, రాయించాలని ఆమెకు చెప్పినవాళ్లూ లేరు. చనిపోయే ముందు తెల్లకాగితం మీద వీలునామా రాయించి, ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేసింది. డబ్బు మనవరాలి చదువుకు. దాన్ని బ్యాంకు నుంచి తీసి పిల్లకు అప్పజెప్పే బాధ్యత మేనల్లుడిది. ఇలా వీలునామా అమలు జరిపే మనిషినే చట్టం ఎగ్జిక్యూటరు అంటుంది.

ఆయన బ్యాంకుకు పోతే, "ఇందులో రాసిన మనిషివి నువ్వేనని ఏందయ్యా రుజువు?" అన్నారు. వీలునామాలో పేరు ముందు ‘చిన’ అని ఉంది. ఆధార్‌లో ఆ ‘చిన’ లేదు. ఇంటిపేరు ఆధార్‌లో వెనక్కు పోయింది, ఓటరు కార్డులో ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. మళ్లీ రమ్మన్నారు. మళ్లీ పోయాడు. మూడోసారి "కోర్టు నుంచి కాగితం తెచ్చుకో" అన్నారు. మూడు రోజుల కూలి పోయింది, బస్సు చార్జీలు పోయాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్రశ్న తప్పు ప్రశ్న కాదు. మన పల్లెల్లో తాత పేరో, దేవుడి పేరో ఇద్దరన్నదమ్ములకూ పెట్టి ఒకడిని పెద, ఒకడిని చిన అంటాం. ‘చిన’ తీసేస్తే అన్న ఎవరో తమ్ముడెవరో కాగితం చెప్పలేదు. ముసలివాళ్ల చేత వేలిముద్రలు వేయించుకొని సొమ్ము కాజేసే ఘనులు మన ఊళ్లలోనూ ఉన్నారు. బ్యాంకు విచారించాల్సిందే. విచారణకు పద్ధతి ఉందా, లేక కూలివాడు విసిగి పోయేదాకా తిప్పడమే పద్ధతా అన్నది మా ప్రశ్న.

ఎగ్జిక్యూటరు చూపాల్సినవి రెండు. ఒకటి, నేను ఫలానా మనిషిని అని. రెండు, వీలునామాలో ఉన్న ఫలానా నేనే అని. మొదటిదానికి ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టులతో పాటు అధికారి సంతకం ఉన్న ఉపాధి హామీ జాబ్ కార్డును కూడా కేవైసీ నిబంధనల్లో చేర్చారు. ఈ సంగతి మన కూలీల్లో ఎందరికి తెలుసు? వేలిముద్ర పడలేదంటే మనిషే లేడన్నట్టు మాట్లాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తప్పనిసరి అన్న నిబంధనను 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టే కొట్టేసింది. రెండోదానికి వీలునామా సాక్షులు, పెద ఎవరో చిన ఎవరో చెప్పే అన్న, రెండు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు ఇచ్చే అఫిడవిట్ ఉన్నాయి.

ఇక కోర్టు కాగితం సంగతి. దాన్ని ప్రొబేట్ అంటారు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. 1925 నాటి వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం రాసినవారి సంతకమో వేలిముద్రో, ఇద్దరు సాక్షుల సంతకాలూ ఉంటే చాలు. 2025లో ఆ నిర్బంధాన్ని ఎత్తేసేదాకా కూడా ఆ చట్టం హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి చేసింది బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి నగరాలకు మాత్రమే. మనం ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం గదా అని కొందరు వాదిస్తారు. రాష్ట్రం వేరు, నగరం వేరు. మార్కాపురం, గిద్దలూరు ఆ నగరంలో ఏనాడూ లేవు. క్రైస్తవులకు ఆ నిర్బంధాన్ని 2002లో ఎత్తేశారు. మన మాలమాదిగ పల్లెల్లో ఈ సంగతి అందరికీ చేరాలి. వారసులు కొట్టుకుంటున్నారంటే కోర్టుకు పొమ్మనడం న్యాయం. తగాదాయే లేని అరవై వేలకు వకీలు ఫీజు కట్టి కోర్టు మెట్లెక్కమంటే ఆ పిల్లకు మిగిలేదేమిటి?

పేరు మారిందనే బ్యాంకుల పేర్లు ఒకసారి చూద్దాం. మన జిల్లాలో పినాకిని గ్రామీణ బ్యాంకు ఉండేది. 2006లో ఆంధ్ర ప్రగతి అయింది. 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది, సిండికేటు అదే రోజున కెనరాలో కలిసింది. బోర్డులు మారాయి, ముద్రలు మారాయి. మీరే ఆ బ్యాంకని ఏంది రుజువని ఏ కూలీ అయినా అడిగాడా? పాత పాస్‌బుక్కు పట్టుకొని కొత్త బోర్డు కిందికి నమ్మి నడిచాడు. ఆ నమ్మకంలో సగం ఇటు చూపలేరా?

2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు చనిపోయినవారి ఖాతాల గురించి కొత్త ఆదేశాలిచ్చింది. 2026 మార్చి 31లోగా బ్యాంకులన్నీ అమలు చేయాలని గడువు పెట్టింది. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో క్లెయిము తేల్చాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే ఆ రోజులకు బ్యాంకు రేటు మీద మరో 4 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలి. కిటుకంతా ‘కాగితాలన్నీ అందిన’ అన్న మాటలో ఉంది. నోటిమాటగా రోజుకొక కాగితం అడుగుతుంటే ఆ 15 రోజులు ఎప్పటికీ మొదలు కావు. అందుకే ఏమేం కావాలో ఒకేసారి రాసిమ్మని అడగండి. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేసిన రసీదు తీసుకోండి. వీలునామా అసలును చూపండి, నకలే ఇవ్వండి. ఒక్కరే పోకండి, సాక్షినీ సంఘం మనిషినీ వెంటబెట్టుకొని పోండి. రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు పలక్కపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, దానికి పైసా ఖర్చు లేదు.

బతికున్నవాళ్లు రేపే పోయి నామినీ పేరు రాయించుకోండి. నామినీ ఆ డబ్బుకు యజమాని కాడు, తీసుకొని హక్కుదారుకు ఇవ్వాల్సినవాడు మాత్రమే. అయినా ఈ తిరుగుడు చాలావరకు తప్పుతుంది. హైదరాబాదు, బెంగుళూరు పనులకు వలసపోయిన కుటుంబాలకు ఇంకో చిక్కుంది. మనిషి ఎక్కడ చనిపోతే మరణ ధ్రువపత్రం అక్కడే పుడుతుంది. శవంతో ఊరికి బయల్దేరే తొందరలో దాన్ని మరిచిపోతే, మళ్లీ అంత దూరం ఆ ఒక్క కాగితం కోసం పోవాలి.

మేనల్లుడి అఫిడవిట్ తయారైంది. పెదాయన సంతకం చేశాడు, సాక్షులిద్దరూ వస్తామన్నారు. ఏమేం కాగితాలు కావాలో రాసివ్వమని బ్యాంకుకు ఇచ్చిన అర్జీకి మాత్రం ఇంకా జవాబు లేదు. సోమవారం మళ్లీ పోతున్నాం. ఈసారి పదిమందిమి పోతున్నాం.